దయ్యం తప్ప అన్నీ రెడీ

హారర్ అయితే ఖర్చుండదు. హన్మకొండలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా, కాలేజీ పండుగలకు నెల ముందు నుంచి వినబడే సిద్ధాంతం ఇది. ప్రేమకథ తీయాలంటే హీరోయిన్ కావాలి, పాట కావాలి, హీరోకు కనీసం ఉతికిన చొక్కా కావాలి. కామెడీ తీయాలంటే జనం నవ్వాలి, అది మరీ కష్టం. హారర్‌కు ఏం కావాలి? చీకటి ఫ్రీ. కూలిన గోడ ఫ్రీ. దయ్యానికి పారితోషికం లేదు, మేకప్ చెడిపోతే ఇంకా మంచిదే. శబ్దాలన్నీ నెట్‌లో దొరుకుతాయి. "ఒక్క రాత్రిల లేపేద్దాం అన్నా, మస్తుంటది" అంటాడు జూనియర్. సీనియర్ గ్లాసు కింద పెట్టి, సందీప్ రెడ్డి వంగా కూడా వరంగలోడే గదా అని గుర్తు చేస్తాడు. ప్రాజెక్టు ఖాయమైనట్టే.

ఆ గంటలోనే వాట్సాప్ గ్రూపు పుడుతుంది, పేరు పక్కన పుర్రె బొమ్మతో సహా. కెమెరా ఉన్నవాడు డీఓపీ. ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోనివాడు ఎడిటర్. బండి ఉన్నవాడు ప్రొడక్షన్ మేనేజర్. ఇంట్లోంచి డబ్బులు తేగలిగినవాడు హీరో. ఇవేవీ లేనివాడు డైరెక్టర్. తెల్లారేసరికి టైటిల్ సిద్ధం, పొద్దుగూకేసరికి పోస్టర్. నల్లటి నేపథ్యం, ఒక పెద్ద కన్ను, కన్నులోంచి కారుతున్న ఎర్రటి అక్షరాలు, తలుపు మీద ఒక చెయ్యి. ఈమధ్య పోస్టర్లు ఏఐతో చేయిస్తున్నారు కాబట్టి ఆ చేతికి ఆరు వేళ్లుంటాయి. "ఉండనీ తియ్, దయ్యమే గదా" అని వదిలేస్తారు. మొత్తం సినిమాలో కొంచెమైనా భయపెట్టేది ఆ ఆరో వేలే, అదీ పొరపాటున వచ్చింది. అన్నింటికీ కింద ఒక లైను: నిజ సంఘటనల ఆధారంగా. ఏ సంఘటన, ఎప్పుడు, ఎవరికి జరిగింది అని అడిగి చూడండి. అది కథ రాసేటప్పుడు చూసుకుంటారట.

టైటిల్ మీద ఇంత మమకారం ఉన్నవాళ్లు జార్జ్ రొమెరో సంగతి ఒకసారి వినాలి. ఆయన స్నేహితులతో కలిసి పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల తక్కువ డబ్బుతో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' 1968లో విడుదలైంది. శవాలు లేచి నడిచే సినిమాలన్నింటికీ అదే పెద్దమ్మ. ఆ సినిమాకు మొదట పెట్టుకున్న పేరు వేరు. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత టైటిల్ మీదున్న కాపీరైట్ గుర్తు కొత్త టైటిల్ మీదికి ఎక్కలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం గుర్తు లేకపోతే హక్కూ లేదు. సినిమా కాస్తా ఊరుమ్మడి సొత్తయింది. మనవాళ్లకు ఆ బాధ లేదు. టైటిల్ ఎన్నిసార్లు మార్చినా వెనక దొంగిలించడానికి ఏమీ ఉండదు.

లొకేషన్ అనగానే అందరి చూపూ ఖిలా వరంగల్ మీదే. పాపం ఆ కోట! 1323లో ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుణ్ణి ఓడించాక దాని మీద ఇంత పట్టుదలగా దండెత్తింది షార్ట్ ఫిల్మ్ బృందాలే. నాలుగు కీర్తితోరణాలు, కూలిపోయిన స్వయంభూ దేవాలయం, విరిగిన శిల్పాల వరుసలు, పక్కన ఖుష్ మహల్. ఇన్ని రాళ్లు పడి ఉన్నాయంటే దయ్యం ఉండి తీరాలని మన దర్శకుల విశ్వాసం. అసలు సంగతేమిటంటే ఆ మట్టికోట లోపల జనం కాపురాలు చేస్తున్నారు. ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, కిరాణా కొట్లున్నాయి. 'నిర్మానుష్యమైన కోట' అని షాట్ పెట్టినప్పుడల్లా ఫ్రేమ్‌లోకి ఎవరిదో బర్రె నడిచి వస్తుంది. రాత్రి కాకుండానే పర్యాటక శాఖ వారి సౌండ్ అండ్ లైట్ షో మొదలవుతుంది. అన్ని రంగుల దీపాల మధ్య ఏ దయ్యమైనా ఎక్కడని దాక్కుంటుంది? పైగా ఆ తోరణం రాష్ట్ర రాజముద్రలో చార్మినార్‌తో పాటు కూర్చున్నది. 2024లో ముద్రలోంచి దాన్ని తీసేస్తారన్న మాట పుట్టగానే ఎంత గొడవైందో తెలిసిందే. అంత పలుకుబడి ఉన్న చోట ఉండే దయ్యం ఫస్టియర్ పిల్లలను భయపెట్టడానికి పూనుకోదు, ఏదైనా పదవికి ప్రయత్నిస్తుంది.

ఇంకో చిన్న విషయం. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి చట్టం, 1959 నాటి నిబంధనల కింద అక్కడ సినిమా తీయాలంటే ముందుగా అనుమతి పొందాలి, రుసుము కట్టాలి. మనవాళ్ల ప్లానులో ఆ పేజీ ఉండదు. "సెక్యూరిటీ అన్నతోని మాట్లాడుదాం" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఆ అన్న చీకట్లోంచి ఊదే విజిల్ విన్నప్పుడు టీమంతా నిజంగా వణుకుతుంది. హారర్ అంటే అదీ. ఎడిటర్ దాన్ని కత్తిరించేస్తాడు.

దయ్యాలకు చేతినిండా పని దొరికే చోటు ఊళ్లో ఒకటుండేది. నిజాం కాలపు సెంట్రల్ జైలు. 2021లో ఖైదీలను తరలించి, గోడలు పడగొట్టి, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కోసం స్థలం ఖాళీ చేశారు. అట్లాంటి చోటే ఇంకోటి, 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు, ఎన్నో ఇళ్లకు బువ్వ పెట్టి పెట్టి మూతపడింది. ఆ మిల్లు కార్మికుడొకడు షిఫ్టు సైరన్ మోగే వేళకు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, గేటు ఎటు పోయిందని అడిగితే ఎట్లా ఉంటుందో ఆలోచించిన టీమును నేనింతవరకు చూడలేదు. ఆలోచిస్తే అందులో కథ ఉంటుంది, కథ ఉంటే పని పెరుగుతుంది.

ఇక దయ్యం సంగతికి వద్దాం, టీము ఎటూ రాదు కాబట్టి.

దయ్యం అంటే ఆడదే. ఇందులో చర్చ లేదు. తెల్ల చీర, విరబోసిన జుట్టు, కళ్ల కింద కాటుక. ఆ వేషానికి అమ్మాయిలెవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్న ఒక్కతెకూ హాస్టల్ గేటు మూసే టైముంది. అర్ధరాత్రి తిరగాల్సిన దయ్యం దీపాల వేళకల్లా వార్డెన్ ముందు సంతకం పెట్టాలి. చివరికి సన్నగా ఉన్న జూనియర్ ఒకడికి విగ్గు పెడతారు. వాడు స్మార్ట్ వాచీ తీయడం మరిచిపోతాడు. చీకట్లో దయ్యం మణికట్టు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ, ఇవాళ ఎన్ని అడుగులు నడిచిందో చూపిస్తూ ఉంటుంది.

నవ్వుకోండి, ఫరవాలేదు. నా తగాదా వాచీతో కాదు. ఆ తెల్ల చీరలో ఉన్న మనిషి ఎవరన్నది ఇరవై పేజీల ప్లానులో ఎక్కడా ఉండదు. కాల్ షీట్ ఉంటుంది, డ్రోన్ అద్దె ఉంటుంది, టీజర్ ఎప్పుడు, ట్రైలర్ ఎప్పుడు, రెండో భాగానికి లీడ్ ఏమిటి, అన్నీ ఉంటాయి. ఆమెకు పేరుండదు. ఊరుండదు. బతికుండగా ఏం పని చేసేదో, ఏం తినేదో, ఎవరిని చూస్తే నవ్వేదో ఉండదు. ఆమెను ఎవరో చంపారు, అంతే. చంపే సీను మాత్రం స్లో మోషన్లో, మూడు కోణాల్లో, వర్షంతో సహా ఉంటుంది. బతుకుకు ఒక్క షాటు లేదు, చావుకు మూడు. రుద్రమదేవి ఏలిన ఊళ్లో ఆడమనిషికి నోరు తెరిచే వంతు చచ్చాకే వస్తుంది, అదీ పెడబొబ్బ పెట్టడానికి.

పెడబొబ్బ కాక ఒక డైలాగ్ ఇచ్చారే అనుకోండి, అది ఇంకో విషాదం. టీ కొట్టు దగ్గర "ఎవల్రా గది?" అనే పిల్లలు కెమెరా ముందుకు రాగానే "ఎవరు నువ్వు? నీకేం కావాలి?" అంటారు. దయ్యమేమో "నన్ను హతమార్చిన వారిని వదిలిపెట్టను" అని పాత డబ్బింగ్ సినిమా భాష మాట్లాడుతుంది. హసన్‌పర్తిలో పుట్టి, హసన్‌పర్తిలో పెరిగి, అక్కడే చచ్చిన మనిషికి ఈ భాష ఎట్లా వచ్చింది? చచ్చాక కోచింగ్‌కు పోయిందా? అరవకుండా, ఏడవకుండా, పక్కింటి అత్తమ్మ గోడ మీదుగా అడిగినట్టు "నన్నెందుకు సంపిన్లు బిడ్డా?" అని మెల్లగా అడిగితే చాలు. హాల్లో నవ్వేవాడుంటే నన్నడగండి.

రక్తం గురించి కూడా ఒక మాట. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా బుర్రగా ఉంటుంది, రంగు చూస్తే కళ్లు చెదురుతాయి, కారం మాత్రం అంతంతే. మన విద్యార్థి హారర్ అచ్చం అదే సరుకు. తేడా ఒక్కటే, చపాటాను ఆ రంగు కోసమే కావాలని కొనేవాళ్లున్నారు. హిచ్‌కాక్ 1960లో వచ్చిన 'సైకో' తీస్తూ స్నానాల గది సీనులో రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడాడు. నలుపు తెలుపు సినిమాలో ఎరుపే లేదు, అయినా జనం ఇంట్లో స్నానానికి జంకారు. మనవాళ్లు ఫుడ్ కలర్ బాటిళ్లు బాటిళ్లు పోస్తారు, మూడో బెంచీలో కూర్చున్నవాడు సమోసా ఆపకుండా తింటాడు.

దయ్యానికి ముఖ్యంగా కావలసింది ఒక నియమం. ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది, ఏం చేస్తే ఆగుతుంది. ఈ మూడూ తెలిస్తేనే చూసేవాడు లెక్క కట్టుకుని భయపడతాడు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏమైనా చేయగలిగే దయ్యాన్ని చూసి భయపడేదేముంది? అది వాతావరణం లాంటిది, గొడుగు పట్టుకుని పోవడమే. ఇందుకు హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు. 'ఓ స్త్రీ రేపు రా' గుర్తుందా? ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద సుద్దతో, బొగ్గుతో, ఇటుక ముక్కతో రాసుకున్నారు. రాత్రి పూట తెలిసినవాళ్ల గొంతుతో తలుపు దగ్గర పిలుస్తుంది. పలికితే పోయినట్టే. గోడ మీది రాత చదివి, సరే రేపు వద్దామని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే రాత, మళ్లీ వెళ్లిపోతుంది. ఎంత పద్ధతి గల దయ్యం! చదువుకున్నది, ఇచ్చిన మాట మీద నిలబడేది. కెమెరా లేదు, నటి లేదు, లైటింగ్ లేదు. బడ్జెట్ ఒక సుద్దముక్క. దానికే ఊళ్లకు ఊళ్లు పొద్దుగూకితే తలుపులు బిగించుకున్నాయి. కర్ణాటకలో ఇదే మాట 'నాళె బా' అయింది. 2018లో హిందీవాళ్లు ఈ సంగతినే తీసుకుని, మధ్యప్రదేశ్‌లోని చందేరీలో పెట్టి, 'స్త్రీ' అని సినిమా తీసి, 2024లో రెండో భాగం కూడా తీసి, డబ్బులు లెక్కపెట్టుకున్నారు. మన పిల్లలేమో ఇంటి గోడ మీది రాతను వదిలేసి, ఏ సినిమాలోనో చూసిన నన్‌ను, గాజు కళ్ల బొమ్మను కాజీపేటకు తెచ్చి కూర్చోబెడతారు. ఆ బొమ్మకు ఇక్కడ ఎవరూ తెలియదు, ఇక్కడ ఎవరికీ ఆ బొమ్మ తెలియదు.

నియమం ఎంత చిన్నదైతే అంత బలం. స్వీడన్‌లో డేవిడ్ శాండ్‌బర్గ్ అనే ఆయన 2013లో ఒక పోటీకి పంపడానికి 'లైట్స్ అవుట్' అని తీశాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు. సొంత ఫ్లాట్, నటి ఆయన భార్య, ఒక లైటు స్విచ్. లైటు ఆర్పితే ఎవరో కనిపిస్తారు, వేస్తే ఎవరూ ఉండరు. నియమం అంతే. ఆ మూడు నిమిషాలు చూపించే ఆయన హాలీవుడ్‌లో అదే పేరుతో పెద్ద సినిమా తీసే అవకాశం తెచ్చుకున్నాడు. మన దగ్గరా ఈ విద్య లేక కాదు. రామ్‌గోపాల్ వర్మ 1992లో 'రాత్రి' తీసినప్పుడు పాడుబడ్డ కోట వెతుక్కోలేదు, మామూలు కుటుంబం, మామూలు ఇల్లు పెట్టుకున్నాడు. రవిబాబు 2012లో 'అవును'కు ఒక కొత్త ఇంటితో సరిపెట్టాడు. 2009 'అరుంధతి'లో పశుపతి ఎవరో, ఎందుకు వచ్చాడో, ఎవరి కోసం వచ్చాడో నిద్రలో లేపి అడిగినా చిన్నపిల్లలు చెప్తారు. 2022లో వచ్చిన 'మసూద'కు దయ్యం పేరే టైటిల్. అందులో దయ్యానికి గతం ఉంది, ఆ గతాన్ని తవ్వుకుంటూ పోవడమే సగం కథ. 2017లో 'ఆనందో బ్రహ్మ' ఇంకో అడుగు వేసి, మనుషులను చూసి దయ్యాలు భయపడటమే నియమంగా పెట్టుకుంది. వీళ్లందరూ ముందు దయ్యాన్ని తయారు చేసుకున్నారు, తర్వాత పోస్టర్ వేసుకున్నారు.

శబ్దం విషయంలో మనవాళ్ల నిర్లక్ష్యం గురించి వేరే వ్యాసం రాయొచ్చు. ఎక్కడినుంచో దించుకున్న 'ఢాం' ఒకటి ఉంటుంది. తలుపు తెరిస్తే ఢాం. పిల్లి దాటితే ఢాం. హీరో ఫోన్ మోగితే ఢాం. ఐదో ఢాం దగ్గరికి ప్రేక్షకుడికి చెవిపోటు తప్ప భయం మిగలదు. 1942లో 'క్యాట్ పీపుల్' అనే చిన్న బడ్జెట్ సినిమాలో రాత్రి ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆమె పరుగందుకుంటుంది. అప్పుడు మృగం బుస కొట్టినట్టు దూసుకొచ్చి ఆగుతుంది, ఒక సిటీ బస్సు. జనం కుర్చీల్లోంచి ఎగిరిపడ్డారు. చూపించింది బస్సును, భయపెట్టింది నిశ్శబ్దంతో. కాజీపేట జంక్షన్ చేతిలో పెట్టుకుని మనకు నెట్‌లోంచి శబ్దాలు దించుకునే గతి ఏమిటో! రాత్రి రెండు గంటలకు ప్లాట్‌ఫారం మీద మీరొక్కరే కూర్చున్నారు. రైళ్ల అనౌన్స్‌మెంట్ చేసే ఆ ఆడగొంతు, మనమందరం విన్న ఆ గొంతే, అదే మర్యాదతో, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి మీ ఇంటిపేరుతో సహా మిమ్మల్ని పిలిచింది. ఖర్చు చెప్పండి చూద్దాం.

ఇప్పుడు నవ్వులాటకు రాని భాగం. ఆ 'నిజ సంఘటనల ఆధారంగా' కింద మనవాళ్లు తరచుగా దించే మనిషి ఇంకొకడున్నాడు. ఊరి చివర గుడిసెలో ఉండే ముసలివాడు. ముందు నిమ్మకాయలు, పసుపు కుంకుమ, పిండిబొమ్మ. దయ్యం ఎందుకొచ్చిందో రాసుకోలేని రచయితకు ఆ ముసలివాడు దొరికిపోతాడు, చేతబడి చేశాడని తేల్చేస్తే పేజీ నిండుతుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అన్న అనుమానం మీద మనుషులను కట్టేసి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. అందులో ఎక్కువమంది పేదలు, ముసలివాళ్లు, ఒంటరివాళ్లు. ఇట్లాంటి వాటి కోసమే మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్ హత్య తర్వాత, ప్రత్యేక చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. వరంగల్ ఆడిటోరియంలో చప్పట్లు కొట్టించుకున్న ఆ ముసలివాడి సీను సెల్‌ఫోన్లలో పడి ఏ ఊరు చేరుతుందో, అక్కడ ఎవరి గుడిసె వైపు వేలు చూపిస్తుందో తీసినవాడికి తెలుసా? బీటెక్ చదువుతున్నవాడు సైన్సు ప్రాజెక్టుకు ఆధారాలు చూపిస్తాడు, చేతబడికి మాత్రం పోస్టర్ మీద లైను చాలంటాడు.

ఇంకొందరికి సినిమా కూడా బరువే. వేషం వేసుకుని రోడ్డు మీద నిలబడి, వచ్చేపోయేవాళ్లు ఉలిక్కిపడితే ఫోన్లో పట్టుకుంటారు. 2019 నవంబర్‌లో బెంగళూరు యశ్వంతపూర్‌లో ఏడుగురు కుర్రాళ్లు ఇట్లాగే తెల్లబట్టలు కట్టి ఆటోవాళ్లను, దారినపోయేవాళ్లను బెదిరిస్తుంటే పోలీసులు పట్టుకుపోయారు. దయ్యాలు స్టేషన్లో బెయిలు తీసుకుని ఇంటికెళ్లాయి. మన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల అట్లాంటి సరదా చేద్దామనుకునేవాళ్లు, అక్కడ చెట్ల కింద దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు ఎవరి కోసం కాచుకుని ఉన్నారో ఒక్కసారి చూసి రావాలి. వాళ్లను భయపెట్టడానికి ప్రత్యేకంగా మీరు రావలసిన పనిలేదు.

అన్నీ అయ్యాక షో పడుతుంది. పన్నెండు నిమిషాల సినిమాలో నాలుగు నిమిషాలు పేర్లు, రెండు నిమిషాలు డ్రోన్, ఒక నిమిషం సిగరెట్ హెచ్చరిక. మిగతాదాంట్లో హీరో టార్చి పట్టుకుని "ఎవరక్కడ?" అంటూ నడుస్తాడు. చివర్లో అదంతా కల అని తేలుతుంది. ఆ తర్వాత అద్దంలో దయ్యం మళ్లీ కనిపిస్తుంది, రెండో భాగం కోసం. స్నేహితులు ఈలలు వేస్తారు. డైరెక్టర్ మైకు తీసుకుని, బడ్జెట్ లేకపోయినా ఎంత కష్టపడ్డామో చెప్తూ కంటతడి పెడతాడు.

ఈ ఏడాది కాలేజీ పండుగల్లో న్యాయనిర్ణేతలుగా కూర్చోబోయే లెక్చరర్లకు, పిలిపించుకుని శాలువా కప్పించుకునే స్థానిక ప్రముఖులకు నాదొక మనవి. లైట్లు వెలిగాక ఆ డైరెక్టర్ని స్టేజీ మీదనే ఆపి మూడు ప్రశ్నలు అడగండి. చచ్చిపోయిన ఆమె పేరేంది, ఏ ఊరామె, వేరే చోటు లేనట్టు ఈ గోడ దగ్గరికే ఎందుకొచ్చింది? జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి, కెమెరా వణికినా, వాచీ కనిపించినా, మొదటి బహుమతి ఇచ్చేయండి. చెప్పలేనివాడికి పార్టిసిపేషన్ సర్టిఫికెట్ కూడా ఇవ్వొద్దు. రెండో భాగం పోస్టర్ మీద దాన్నే వేసుకుంటాడు.